మలబారు పోలీసులు ఎవరి కోసం పుట్టారు?

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గరి ఒక ఆక్వా కర్మాగారంలో 2017 మార్చి 30న ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన అయిదుగురు కూలీలు విషవాయువు పీల్చి చనిపోయారు. కబురు తెలిసిన జనం ఫ్యాక్టరీ ముందు చేరారు. వాళ్ళ వెనకే పోలీసులు వచ్చారు. అప్పటికే కొన్ని నెలలుగా భీమవరం పక్కన తుందుర్రు చుట్టుపట్ల గ్రామాలు పోలీసు పికెట్ల మధ్య బతుకుతున్నాయి. ఆక్వా ఫుడ్ పార్కు వస్తే గొంతేరు కాలువ పాడవుతుంది, మా నీళ్ళు పోతాయి, మా చేపలు పోతాయి అన్నందుకు ఆ ఊళ్ళలో 144 సెక్షన్ పెట్టారు. ఉద్యమంలో ముందు నిలబడిన ఆడవాళ్ళని ఈడ్చి వ్యాన్లలో వేశారు. కేసులు పెట్టారు. జైలుకి పంపారు.

గుంపుకి చట్టంలో ఒక లెక్క ఉంది. అయిదుగురు, అంతకు మించి కలిసి, చట్టం దుష్టమని చెప్పిన ఏదో ఒక ఉద్దేశంతో ఒకచోట చేరితే అది చట్టవిరుద్ధ సమావేశం. ఆ ఉద్దేశం దుష్టమైనదా కాదా అని ఆ క్షణాన నిర్ణయించేది ఎదురుగా నిలబడిన ఖాకీయే. అయిదుగురు చస్తే ప్రమాదం, అయిదుగురు నిలబడితే నేరం. మొగల్తూరు మనకి నేర్పిన లెక్క ఇదే.

అయితే గోదావరి డెల్టాకి ఈ లెక్క కొత్తది కాదు. స్థానిక ఠాణాకి సంబంధం లేని పోలీసులు లారీల్లో దిగి, ఊరు చుట్టుముట్టి, ఊరినంతటినీ ముద్దాయిని చేయడం ఇక్కడి పాతతరం కళ్ళారా చూసింది. ఆ పోలీసులకి వాళ్ళు పెట్టుకున్న పేరు మలబారు పోలీసులు. ఈ వ్యాసం ఆ పేరు గురించే. తెలుగువాళ్ళు ఆ పేరులోని రెండో సగాన్ని గుర్తుంచుకుని, మొదటి సగాన్ని మరిచిపోయారు. ఆ మరిచిపోయిన సగంలో ముస్లింలు ఉన్నారు.

డెల్టా జ్ఞాపకం

1948 నుంచి 1951 దాకా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా, గోదావరి జిల్లాల్లో కమ్యూనిస్టుల వేటకి దించిన బలగాల్లో ముఖ్యమైనది మలబార్ స్పెషల్ పోలీసు. స్వాతంత్ర్యం వచ్చింది, కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది, కానీ బ్రిటిషువాడు తయారుచేసిన బలగం ఎక్కడికీ పోలేదు. పేరు కూడా మారలేదు. చీకటితోనే ఊరు చుట్టుముట్టడం, మగవాళ్ళందరినీ ఒకచోటికి తోలడం, ఫలానావాడు ఎక్కడున్నాడో చెప్పమని కొట్టడం, ఇళ్ళు సోదా చేయడం దాని పద్ధతి. ఊళ్ళో ఒకడు దొరక్కపోతే ఊరంతా దొరికినట్టే.

1949లో కృష్ణా జిల్లా కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో జరిగింది ఆ పద్ధతికి పరాకాష్ఠ. మగవాళ్ళని బట్టలు విప్పించి, గాంధీ విగ్రహం చుట్టూ ఊరేగించారు. గాంధీ పోయి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. కమ్యూనిస్టు సాహిత్యంలో, డెల్టా జనం నోళ్ళలో ఆ రెండు ఊళ్ళ పేర్లూ నిలిచిపోయాయి. నిలవాల్సిందే.

కానీ మలబారు ఎక్కడుంది? అక్కడి పోలీసు ఇక్కడికి ఎందుకొచ్చాడు? అతన్ని మొదట ఎవరి మీదికి తయారుచేశారు? ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళు మనలో తక్కువ. అడిగి ఉంటే కాటూరు కథ కాటూరులో మొదలు కాలేదని తెలిసేది.

మాపిళ్ళల కోసం పుట్టిన దళం

మలబారు ఇవాళ్టి కేరళలో ఉత్తర భాగం. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. అక్కడి ముస్లింలు మాపిళ్ళలు. మన పాఠ్యపుస్తకాలు వాళ్ళని మోప్లాలు అన్నాయి. దక్షిణ మలబారులో ఎక్కువమంది మాపిళ్ళలు కౌలుదార్లు, కూలీలు. భూమి జన్మీలది. జన్మీ తలచుకుంటే కౌలుదారుడు రోడ్డున పడతాడు. 19వ శతాబ్దమంతా మాపిళ్ళలు మళ్ళీమళ్ళీ తిరగబడ్డారు. సర్కారు ఆ తిరుగుబాట్లకి పెట్టిన పేరు మతోన్మాదం. 1854లో మాపిళ్ళల పేరుమీదే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఒకడు తప్పు చేస్తే ఆ చుట్టుపక్కల మాపిళ్ళలందరి మీదా జరిమానా వేసే అధికారం అందులో ఉంది. ఒక సమాజాన్నంతా పుట్టుకతో అనుమానితుల్ని చేయడం ఇవాళ మొదలైన విద్య కాదు.

ఆ జిల్లాలో కలెక్టరుగా చేసిన విలియం లోగన్ 1881, 1882లలో కౌలు సంబంధాల మీద విచారణ జరిపాడు. ఈ అల్లర్లకి మూలం భూమిలో ఉందని, కౌలుదారుడికి రక్షణ కావాలని చెప్పాడు. సర్కారు ఆ మాట పెడచెవిన పెట్టింది. కౌలు చట్టం బదులు 1885లో మలప్పురంలో ఒక ప్రత్యేక పోలీసు దళాన్ని పెట్టింది. అన్నం అడిగినవాడికి లాఠీ చూపించడం అంటే ఇదే. ప్రత్యేక పోలీసు అనే వ్యవస్థ మన దేశంలో ఎలా పుట్టిందో తెలియడానికి ఈ ఒక్క వాస్తవం చాలు. భూమి సమస్యని శాంతిభద్రతల సమస్యగా మార్చితే అది పుట్టింది.

1921 ఆగస్టులో తిరూరంగాడిలో ఖిలాఫత్ నాయకుల కోసం పోలీసులు, సైన్యం జరిపిన దాడితో పెద్ద తిరుగుబాటు లేచింది. ఆ తిరుగుబాటులో హిందువుల హత్యలు జరిగాయి. బలవంతపు మతమార్పిడులు జరిగాయి. దాన్ని దాచిపెట్టి ముస్లింలు చరిత్ర రాసుకోనక్కర్లేదు. దాన్ని మాత్రమే చెప్పి జన్మీని, తెల్లవాణ్ణి, తుపాకిని దాచే చరిత్రని ఒప్పుకోనూ అక్కర్లేదు. సర్కారు లెక్క ప్రకారమే చచ్చిన తిరుగుబాటుదార్లు 2,339 మంది. నవంబరులో ఖైదీలని తిరూరులో ఒక మూసిన గూడ్సు పెట్టెలో కుక్కి రైలెక్కించారు. పోదనూరులో తలుపు తీసేసరికి ఊపిరాడక చచ్చినవాళ్ళు, ఆ తర్వాత పోయినవాళ్ళు కలిసి డెబ్భై మంది దాకా ఉన్నారు. వాళ్ళలో కొందరు హిందువులు కూడా. ఆ బండి వెళ్ళాల్సింది బళ్ళారి జైలుకి.

ఆ తిరుగుబాటు మధ్యలో, 1921 సెప్టెంబరు 30న, జిల్లా పోలీసు అధికారి హిచ్‌కాక్ ఆధ్వర్యంలో మలబార్ స్పెషల్ పోలీసు పుట్టింది. అది సైన్యం కాదు, మామూలు పోలీసు కాదు. పోలీసు పేరు పెట్టుకున్న ఫౌజు. సుబేదార్లు, జమేదార్లు, హవల్దార్లు అంటూ హోదాలు కూడా ఫౌజువే. తాత్కాలికంగా పెట్టామన్నారు. ఆ తాత్కాలికానికి 2021లో వందేళ్ళు నిండాయి. కేరళ పోలీసులో అది ఇప్పటికీ ఉంది.

అదే 2021లో ఇంకొకటి జరిగింది. స్వాతంత్ర్య పోరాట అమరుల నిఘంటువులోంచి 387 మంది మలబారు తిరుగుబాటుదార్ల పేర్లు తీసేయాలని భారత చారిత్రక పరిశోధనా మండలి కమిటీ సిఫారసు చేసింది. ఆలీ ముస్లియార్, వారియన్‌కున్నత్ కుంజహమ్మద్ హాజీ పేర్లు అందులో ఉన్నాయి. అణచిన దళానికి నూరేళ్ళు, అణగారినవాడికి కొట్టివేత, రెండూ ఒకే ఏడాదిలో. వ్యాఖ్యానం అక్కర్లేదు.

మలబారు నుంచి మన్యానికి

ఒకసారి తయారైన ఆయుధం ఒక్కడి కోసం ఆగదు. మాపిళ్ళల మీద పదును పెట్టిన ఏడాదికే ఆ కత్తి తెలుగునేల మీదికి వచ్చింది.

మొగల్తూరు పక్కన ఉన్నది నరసాపురం. అక్కడి టేలర్ హైస్కూల్లో చదివిన పిల్లాడు అల్లూరి సీతారామరాజు. ఆయన పూర్వీకుల ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. 1922 ఆగస్టు 22న ఆయన మన్యం మనుషులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టం, కూలి ఇవ్వకుండా రోడ్డు వేయించిన తాసీల్దారు బాస్టియన్ ఆగడాలు అందుకు కారణం. మూలం మళ్ళీ భూమే. సర్కారు జవాబూ మళ్ళీ అదే. మలబార్ స్పెషల్ పోలీసు దిగింది. అది 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర రాజు దళానికి మొదటి పెద్ద దెబ్బ కొట్టింది. తర్వాత 1924లో అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు. ఆ ఏడాది మే 7న రాజుని కాల్చి చంపారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కోయవాడి భాష తెలియని, అతని దేవుడు తెలియని, అతని కొండ తెలియని మనుషుల్ని వందల మైళ్ళ అవతలి నుంచి ఎందుకు తెచ్చారు? తెలియదు కాబట్టే తెచ్చారు. ఊరివాడికి ఊరివాడి ముఖం అడ్డొస్తుంది. ఇవాళ కొడితే రేపు సంతలో ఎదురుపడాలి. బయటివాడికి ఆ బెంగ లేదు. స్పెషల్ పోలీసు అనే మాటలో స్పెషల్ అంటే తుపాకి కాదు. ఆ అపరిచితత్వమే స్పెషల్.

ఓడిన మాపిళ్ళలని వందలాదిగా అండమాన్‌కి పంపారు. అక్కడ వాళ్ళు కట్టుకున్న ఊళ్ళలో మలప్పురం, మంజేరి అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. రంప తిరుగుబాటు ఖైదీల్లో కొందరినీ ఆ దీవులకే పంపారు. ఒకే దళం చేతిలో దెబ్బతిన్న ఇద్దరికీ ఒకటే సముద్రం, ఒకటే శిక్ష. కానీ తెలుగు పాఠ్యపుస్తకంలో మన్యంవాడు వీరుడయ్యాడు, మాపిళ్ళ మతోన్మాదిగా మిగిలిపోయాడు. అల్లూరిని మేం తక్కువ చేయడం లేదు. ఆయన మావాడే, మా గోదావరి వాడే. ఆయన మీదికి వచ్చిన తుపాకి మొదట ఎవరి గుండె మీద పేలిందో కూడా ఆ పాఠంలోనే రాయమంటున్నాం.

బలగం పనిచేసే తీరు

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, కేరళ ఏర్పడ్డాక మలబారు పేరు కేరళకి వెళ్ళింది. నమూనా మాత్రం అన్ని రాష్ట్రాల్లోనూ మిగిలింది. మన దగ్గర దాని పేరు ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు, ఏపీఎస్పీ. కర్నూలులో రెండో పటాలం, కాకినాడలో మూడోది, విజయనగరంలో అయిదోది, మంగళగిరిలో ఆరోది. 2014 విభజనలో యూసుఫ్‌గూడలోని మొదటి పటాలంతో సహా కొన్ని తెలంగాణకి వెళ్ళాయి.

ఈ పోలీసు ఠాణాలో కూర్చోడు. ఫిర్యాదు తీసుకోడు, దర్యాప్తు చేయడు. పటాలం కింద కంపెనీలు, కంపెనీ కింద ప్లటూన్లు. బారకాసుల్లో ఉంటాడు, రోజూ కవాతు చేస్తాడు. జిల్లా అధికారి అడిగితే కంపెనీ లారీ ఎక్కుతుంది. ఏ ఊరు, ఎందుకు అన్నది దిగినదాకా జవానుకి తెలియకపోవచ్చు. దిగాక అతను వరసలో ఒకడు. వెళ్ళిపొమ్మని హెచ్చరిక, తర్వాత బాష్పవాయువు, తర్వాత లాఠీ, చివరికి తుపాకి. ఈ మెట్లన్నీ కాగితం మీద ఉన్నాయి. సైన్యాన్ని దించాల్సి వచ్చినా వీలైనంత తక్కువ బలం వాడాలని, మనుషులకీ ఆస్తికీ వీలైనంత తక్కువ హాని చేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 130వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ మాట ఉంది.

మాట మంచిదే. దాని పక్కనే ఇంకో సెక్షన్ ఉంది. గుంపుని చెదరగొట్టేటప్పుడు చేసిన పనికి ప్రభుత్వం అనుమతి లేకుండా పోలీసు మీద కేసు నడపకూడదు. పాతచట్టంలో 132, కొత్తచట్టంలో 151. మెట్లు దూకినవాడిని అడగాలంటే, మెట్లు దూకమన్నవాడి అనుమతి కావాలి.

ఆ జవాను మీద మాకు కోపం లేదు. అతనూ మెట్టపొలం అమ్ముకున్న రైతు కొడుకో, మాలపల్లె నుంచో నూర్‌బాషా వీధి నుంచో వచ్చిన డిగ్రీ కుర్రాడో అయి ఉంటాడు. పండక్కి సెలవు దొరకదు. సంక్రాంతి అయినా రంజాన్ అయినా బందోబస్తే. అతన్ని ఊరికి అపరిచితుణ్ణి చేసిన ఏర్పాటు మీదే మా తగాదా.

అదే ఏడాది, రెండు కాల్పులు

బయటి పోలీసే అసలు సమస్య అని తేల్చేస్తే సులువుగా ఉండేది. ముస్లింల అనుభవం అంత సులువుగా తేలనివ్వదు.

1987 మే 22న మీరట్‌లోని హాషింపురాలో ముస్లిం మగవాళ్ళని లారీలో ఎక్కించుకెళ్ళి, కాలవ ఒడ్డున నిలబెట్టి కాల్చినవాళ్ళు ఉత్తరప్రదేశ్ సొంత సాయుధ పోలీసులు, పీఏసీ జవాన్లు. చచ్చినవాళ్ళు నలభై మంది దాకా. కింది కోర్టు 2015లో అందర్నీ వదిలేసింది. ఢిల్లీ హైకోర్టు 2018లో పదహారు మందికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇన్సాఫ్‌కి 31 ఏళ్ళు పట్టింది. ఆ కేసు పెట్టించిన జిల్లా పోలీసు అధికారి విభూతి నారాయణ్ రాయ్ తర్వాత మత కల్లోలాల్లో పోలీసుల మీద పరిశోధన చేశాడు. కల్లోలం వేళ పోలీసు హిందువుకి మిత్రుడిలా, ముస్లింకి శత్రువులా కనబడతాడని తేల్చాడు. అలాంటి వేళ ముస్లిం బస్తీ కోరుకునేది స్థానిక పోలీసుని కాదు. దూరం నుంచి వచ్చిన, మన పక్షమూ వాళ్ళ పక్షమూ కాని బలగాన్ని. 1992 అక్టోబరులో రంగంలోకి దిగిన రాపిడ్ యాక్షన్ ఫోర్సు ఆ ఆలోచనతో పెట్టిందే. అన్ని ప్రాంతాలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు ఉండాలన్నారు. నీలం మచ్చల దుస్తుల్లో అది వీధిలోకి వస్తే ఊపిరి పీల్చుకున్న మొహల్లాలు ఉన్నాయి. దాని 99వ పటాలం హైదరాబాదులోనే ఉంటుంది.

కాబట్టి బయటివాడా లోపలివాడా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరికి జవాబుదారీ అన్నది ప్రశ్న. మలబారు పోలీసు జన్మీకి జవాబుదారీ, కలెక్టరుకి జవాబుదారీ. పీఏసీ జవాను తన బారకాసులోని ద్వేషానికి జవాబుదారీ. తాను ఎవరి ముందు నిలబడ్డాడో ఆ జనానికి మాత్రం ఎవడూ జవాబుదారీ కాదు.

మన రాష్ట్రంలో 2007 సంవత్సరాన్ని తీసుకోండి. మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ దుఃఖంలో, కోపంలో బయటికి వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇంకో అయిదుగురు పోయారు. సరిగ్గా రెండు నెలల పది రోజులకి, జులై 28న, ఖమ్మం జిల్లా ముదిగొండలో ఇళ్ళ స్థలాలు, భూములు అడిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు పోయారు. ఒకే రాష్ట్రం, ఒకే ప్రభుత్వం, ఒకే పోలీసు శాఖ. అయినా ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పినవాళ్ళు ఎంతమంది? ఉర్దూ పత్రికలు మక్కా మసీదుని గుండెకి హత్తుకున్నాయి. తెలుగు అభ్యుదయ పత్రికలు ముదిగొండని హత్తుకున్నాయి. మాకు ముదిగొండ ఎవరిదో అయింది. మీకు మక్కా మసీదు పాతబస్తీ గొడవ అయింది. ఒకటి ఉద్రిక్తత, ఒకటి అణచివేత. తర్వాత 2010లో సోంపేట, 2011లో కాకరాపల్లి. బీల నేలల కోసం నిలబడిన జనం మీద అవే తుపాకులు. తుపాకికి తెలిసిన ఐక్యత మనకి తెలియలేదు.

మన మాటలు, మన లేమి

తెలుగులో పోలీసు మాటలన్నీ మా భాష నుంచి వచ్చినవే. బందోబస్తు, జవాను, గస్తీ, ఠాణా, ఫిర్యాదు, జామీను, దర్యాప్తు, పంచనామా. బంద్-ఒ-బస్త్ అంటే ఫారసీలో కట్టివేయడం, బిగించడం. ఊరిని కట్టేయడానికి తెలుగువాడికి వేరే మాట దొరకలేదు. మాటలు మావి, కొలువులు మాత్రం మావి కావు. దేశంలో ఐపీఎస్ అధికారుల్లో ముస్లింలు 4 శాతమే ఉన్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఠాణా అనే మాట ఇచ్చినవాడు ఇవాళ ఆ ఠాణాకి ఎక్కువగా ముద్దాయిగానే వెళుతున్నాడు.

పత్రికల భాష కూడా చూడండి. తెలుగులో జనం అనే మాట ఉంది, గుంపు అనే మాట ఉంది, మూక అనే మాట ఉంది. ఉర్దూలో అవామ్, మజ్మా, హుజూమ్. జనం మూకగా మారేది వీధిలో కాదు, పత్రిక డెస్కు మీద. పోలీసు చెప్పిన అల్లరిమూకలు తెలుగులో అలాగే అచ్చవుతాయి. ఉర్దూలో షర్‌పసంద్ అనాసిర్‌గా అచ్చవుతాయి. స్వల్ప లాఠీచార్జి అని రాస్తాం. తల పగిలినవాడికి అది స్వల్పం కాదు. పరిస్థితి అదుపులో ఉందని రాస్తాం. ఎవరి అదుపులో అని రాయం. 1854లో మలబారు కలెక్టరు కచేరీలో పుట్టిన భాషనే, రెండు లిపుల్లో, ఇవాళ్టికీ దిద్దుతున్నాం.

గోదావరి డెల్టా ముస్లింలకి కర్ఫ్యూ అంటే పత్రికలో చదివిన మాట. అక్కడొక ఇల్లు, ఇక్కడొక వీధిగా, తెలుగులో బతికే సాయిబులు వాళ్ళు. పోలీసు బాధ పాతబస్తీది అనుకుంటారు. పాతబస్తీవాళ్ళు కాటూరు, కాకరాపల్లి తమవి కావనుకుంటారు. సెక్యులర్ మిత్రులు మాపిళ్ళని తమ చరిత్రలోకి రానివ్వడానికి ఇంకా తటపటాయిస్తున్నారు. ఈ మూడు గోడల మధ్య ఒకటే బలగం హాయిగా నడుస్తోంది.

మేం అడుగుతున్నది జాలి కాదు. మలబారు పోలీసు అనే మాట పలికినప్పుడు కాటూరు రైతుతో పాటు, మన్యం కోయతో పాటు, తిరూరు గూడ్సు పెట్టెలో ఊపిరాడక చచ్చిన మాపిళ్ళని కూడా తలుచుకోమంటున్నాం. కాల్పులు జరిగిన ప్రతిచోటా, అది మసీదు ముందైనా ఫ్యాక్టరీ గేటు ముందైనా, కాల్చమన్నది ఎవరని కలిసి అడుగుదామంటున్నాం. గుంపుని చెదరగొట్టిన పోలీసుని విచారించడానికి ప్రభుత్వం అనుమతి కావాలనే సెక్షన్ పోవాలని ముస్లిం సంఘాలు, రైతు కూలీ సంఘాలు ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టే రోజు రావాలి. ఆ రోజు వచ్చేదాకా మాపిళ్ళ మీది కేసు మూసేసినట్టు కాదు, మొగల్తూరు మీది కేసూ మూసేసినట్టు కాదు.